యూరియా కలపని ట్యూబు

ముప్పై మూడేళ్లు నేను జనం మలం పరీక్షించి జీతం తీసుకున్నాను. తిరుత్తణిలో రైలెక్కి, తిరువళ్లూరులో దిగి, ఆసుపత్రి వెనకవైపున్న లాబులో కూర్చుని, డబ్బాల్లో వచ్చినదాన్ని ప్లేట్ల మీద గీసి, మర్నాడు పెరిగిన క్రిమి పేరేమిటో చెప్పడం నా పని. పెళ్లిళ్లలో ఎవరైనా నా ఉద్యోగం గురించి అడిగితే మా అమ్మ అడ్డుపడి "ఆసుపత్రిలో ఆఫీసరు" అనేది. నేను "బేదుల పరీక్ష చేస్తాను" అని దిద్దేదాన్ని. పక్క విస్తరి వాళ్లు మొహం చిట్లించేవారు. తమ కడుపులో అది లేనట్టు!

ఇప్పుడు లాబుల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. తమిళనాడులోని మా తెలుగు ఇళ్లలో మీ వయసువాళ్లకు తెలుగుకన్నా తమిళం చదవడం సులువని తెలుసు. అయినా నాకు కోపం వచ్చేది తెలుగులో కాబట్టి తెలుగులోనే రాస్తాను. ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో, ఏ రిజిస్టరులో ఏం రాయాలో చెప్పను. ఒక తప్పు గురించి చెబుతాను. అది నాది.

క్రిమిని అడిగే ప్రశ్నలు

పేగుల్లో ఉండే క్రిములు సూక్ష్మదర్శిని కింద అన్నీ ఒకేలా కనబడతాయి. చిన్న చిన్న ఎర్ర కడ్డీలు. మంచిదేదో చెడ్డదేదో చూపుతో చెప్పలేం. అందుకే వాటికి తిండి పెట్టి, తిన్నాక ఏం చేస్తాయో చూస్తాం. ఈ చక్కెర తింటావా? తింటే గాలి వదులుతావా? యూరియా ఇస్తే విరగ్గొడతావా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో గాజు ట్యూబు. జవాబు రంగులో వస్తుంది.

మూడు చక్కెరలు, కొంచెం ఇనుము కలిపిన ట్యూబు ఒకటుంటుంది. పిల్లలకు నెత్తురు బేదులు తెచ్చే షిగెల్లాను అందులో పెడితే పైన ఎర్రగా, అడుగున పసుప్పచ్చగా ఉంటుంది. నలుపు ఉండదు. సాల్మొనెల్లాను పెడితే సాధారణంగా అడుగున బొగ్గులా నల్లబడుతుంది. అయితే ప్రోటియస్ అనే మరో క్రిమి కూడా అచ్చం అలాగే నల్లబరుస్తుంది. అది ఎందరో ఆరోగ్యవంతుల పేగుల్లో ఉంటుంది, ఎవరికీ బేదులు తేదు. ఈ రెండింటినీ విడదీసేది పసుపు రంగులో ఉండే యూరియా ట్యూబు. ప్రోటియస్ దాన్ని కొద్ది గంటల్లోనే గులాబీ రంగుకు తిప్పేస్తుంది. సాల్మొనెల్లా పెడితే పసుపు పసుపుగానే ఉండిపోతుంది. ఈ పేరాలో ఉన్నది గుర్తుంటే ఇక ముందు చెప్పేదంతా మీకు అర్థమవుతుంది.

నేను చేరిన కొత్తలో లాబును నడిపినది ఒక పెద్దావిడ. నవ్వడం ఎరుగని మనిషి. ఆమె చెప్పిన నియమం ఒకటే. ట్యూబుల కొత్త వాయి తయారుచేసినప్పుడల్లా, జవాబు ముందే తెలిసిన రెండు క్రిములను వాటిలో పెట్టి చూడాలి. గులాబీ కావలసినది గులాబీ అవుతుందా, పసుపు ఉండవలసినది పసుపుగానే ఉందా? అది తేలాకే రోగి నమూనాను ముట్టాలి. "నువ్వు కలిపిన సాంబారు రుచి చూడకుండా ఊరికి వడ్డిస్తావా?" అని అడిగేది. ఆమె ఉన్నన్నాళ్లూ రుచి చూశాను. ఆమె రిటైరయ్యాక కొన్నేళ్లకు మానేశాను. అనుభవం వచ్చిందని అనుకున్నాను. అనుభవం అనే మాట వినబడినప్పుడల్లా ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. అందులో సగం బద్ధకం, మిగతా సగం పొగరు.

అంటువ్యాధి, అంతకుముందే ఉన్న తీర్పు

ఆర్.కె.పేట దగ్గర ఒక ఊరు. బడిలో పిల్లలకు వరసగా బేదులు. పంతొమ్మిది మంది, కొందరికి నెత్తురు. ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు పిల్లల డబ్బాలతో పాటు, బడిలో మధ్యాహ్న భోజనం వండే మునెమ్మ డబ్బా కూడా తెచ్చాడు. తేవడం పద్ధతే. వంటమనిషిని పరీక్షించాల్సిందే. దాని మీద నాకు పేచీ లేదు.

పేచీ మరొకచోట ఉంది. మునెమ్మ ఊరవతల కాలనీ మనిషి. ఆమెను వంటకు పెట్టిన రోజే ఊళ్లో కొన్ని ఇళ్లవాళ్లు పిల్లలకు టిఫిన్ డబ్బాలు కట్టడం మొదలుపెట్టారు. కారణం అడిగితే కులమని ఎవరూ చెప్పరు. "మా పాపకు ఆ రుచి పడదు" అంటారు. రెండేళ్లుగా పడని ఆ రుచికి ఇప్పుడు ఒక సాక్ష్యం కావలసి వచ్చింది. దాన్ని నేను ఇచ్చాను.

పిల్లల నమూనాల్లో షిగెల్లా వచ్చింది. మునెమ్మ ట్యూబు అడుగున నల్లగా వచ్చింది. యూరియా ట్యూబు పసుపుగానే ఉంది. సాల్మొనెల్లా అనుకున్నాను. అనుమానం తీర్చుకోవడానికి లైసిన్ ట్యూబు ఒకటుంది. పెట్టలేదు. "సాల్మొనెల్లా, నిర్ధారణ కావాలి" అని కాగితం మీద రాశాను.

మా లాబులో ఒక దరిద్రపు అలవాటు ఉండేది. చివరి ట్యూబు చదవకముందే ఫోనులో రిపోర్టు చెప్పడం. అప్పటి మా పై డాక్టరు పొన్నేరి నుంచి వచ్చేవాడు, తెలుగువాడే, కానీ అవుననడానికి కూడా తమిళమే దొర్లేది. కాగితం చూసి అక్కడికక్కడే ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేశాడు. "ఆమా, వంటామెకు పాజిటివ్" అన్నాడు. నిర్ధారణ కావాలన్న మాట ఫోనులో పోనేలేదు.

"సార్, పిల్లలకు ఉండేది వేరే క్రిమి. ఈమెకు ఉండేది వేరే క్రిమి. ఈమె నుంచి వాళ్లకు ఎట్ల పోతుంది?" అని అడిగాను.

"ఏదో ఒక జెర్మ్ ఉంది కదమ్మా. వంట చేసేవాళ్లకు ఉండకూడదు. విడు" అన్నాడు.

నేను విడిచాను. అయిదుంపావు రైలు ఉంది. సంచీ తీసుకుని వెళ్లిపోయాను.

సాయంత్రానికే మునెమ్మ చేతి నుంచి వంటగది తాళం చెవి తీసేసుకున్నారు. బలమైన మాత్రలిచ్చి అయిదు రోజులు మింగమన్నారు. మింగి ఆమె వాంతులు చేసుకుంది. వీధి కొళాయి దగ్గర బిందె పెడితే, "నీకు క్రిమి ఉందంట గదా, గవర్మెంటే చెప్పింది" అని పక్కకు నెట్టారు. రెండేళ్లుగా నోరు తెరిచి చెప్పలేని మాటను మా లాబు సీలు వేసి వాళ్ల చేతికిచ్చింది. మైలకు కొత్త పేరు దొరికింది. ఆ పేరు రాసింది నేను.

అలలు

సాల్మొనెల్లా అనుకున్నదాన్ని చెన్నైలోని పెద్ద లాబుకు పంపడం నియమం. పంపేముందు క్రిమి శుద్ధంగా ఉందో లేదో చూడటానికి రక్తం కలిపిన ప్లేటు మీద గీసిపెట్టాను. మలం పరీక్షకు మామూలుగా ఆ ప్లేటు వాడం. మేము వాడే ప్లేట్లలో పైత్యరసపు లవణాలుంటాయి, అవి క్రిమి పరుగును ఆపేస్తాయి. రక్తపు ప్లేటులో ఆపేది ఏదీ లేదు.

మర్నాడు పొద్దున మూత తీశాను. చుక్కలు చుక్కలుగా ఉండవలసిన క్రిమి ప్లేటంతా పాకింది. చెరువులో రాయి వేస్తే లేచిన అలలా వలయం మీద వలయం. అలా పాకేది ప్రోటియస్. సాల్మొనెల్లా పాకదు.

ఫ్రిజ్‌లో పెద్దావిడ కాలం నుంచి కాపాడుతున్న అసలైన ప్రోటియస్ ఉంది. దాన్ని తీసి, నేను వాడిన వాయి యూరియా ట్యూబులో పెట్టాను. మధ్యాహ్నం చూశాను, పసుపు. సాయంత్రం చూశాను, పసుపు. మర్నాడూ పసుపే. గులాబీ కావలసిన క్రిమి గులాబీ కాలేదంటే ఆ ట్యూబులో యూరియా లేదన్నమాట.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ వాయి కలిపినది నేనే. యూరియాను మిగతా సరుకుతో పాటు ఉడికించకూడదు, విరిగిపోతుంది. ఉడికినది చెయ్యి పట్టేంత చల్లారాక విడిగా కలపాలి. అది చల్లారుతుండగా, ఆడికృత్తిక వైద్య శిబిరానికి సీసాలు సర్దమని పిలుపు వచ్చింది. తిరుత్తణి కొండకు కావడులు వచ్చే రోజులు, ఆసుపత్రి అంతా హడావుడి. సర్ది వచ్చి, యూరియా కలిపేశాననుకుని ట్యూబుల్లో పోసేశాను. కలిపినా కలపకపోయినా రంగు ఒకటే. నాకు కోపం మరిచిపోయినందుకు కాదు. మనిషి మరిచిపోతాడు. మరిచిపోతాడనే పెద్దావిడ ఆ నియమం పెట్టింది. తెలిసిన క్రిమితో ఒక్కసారి రుచి చూసి ఉంటే ఆ వాయి మొత్తం చెత్తబుట్టలోకి పోయేది.

"తప్పని రాస్తే లాబు పేరు పోతుంది"

ప్లేటూ ట్యూబూ తీసుకెళ్లి పై డాక్టరు బల్ల మీద పెట్టాను.

"మునెమ్మకు ఏమీ లేదు సార్. ప్రోటియస్. మన రిపోర్టు తప్పు."

ఆయన ప్లేటు వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. "ఎవరికైనా చెప్పినావా?"

"ఇంకా లేదు."

"మంచిది. ఈ వారం మాత్రలు అయిపోతాయి కదా. మళ్లీ టెస్టు చేసి నెగటివ్ అని ఇస్తాం. మందుకు పోయింది అనుకుంటారు. ఆ యమ్మ పనికి పోతుంది. ఎల్లారికీ నిమ్మది."

చాలా తెలివైన మాట. ఇలాంటి తెలివితోనే ఈ దేశంలో సగం తప్పులు గౌరవంగా ముసలివవుతాయి.

"ఆమెకు రోగమే లేదు సార్. పోయిందని ఎట్ల రాస్తాం? ఊరు ఏమంటుంది? ఆ మనిషికి క్రిమి ఉన్నింది, గవర్మెంటు మాత్రలతో కడిగినారు అంటుంది. ఆ కడుగుడు ఎన్నేళ్లయినా పోదు."

"నువ్వు మీటింగుల్లో మాట్లాడినట్టు మాట్లాడొద్దమ్మా. ఇప్పుడు తప్పని రాస్తే రేపు ప్రతి రిపోర్టూ ప్రశ్నిస్తారు."

"ప్రశ్నించాల సార్."

మీటింగుల మాట ఆయన ఊరికే అనలేదు. నేను వాదాల సభల్లో పెరిగినదాన్ని. మా నాన్న సైకిలు ముందు కూర్చోబెట్టుకుని సంస్కరణ సభలకు తీసుకువెళ్లేవాడు. ఎవరు చెప్పారు, ఎలా తెలిసింది అని అడగడం నాకు అక్కడే అలవాటైంది. అమ్మవారి కోపం వల్ల కలరా వస్తుందన్న పూజారితో నేను వేదికెక్కి వాదించాను. కానీ తప్పు రిపోర్టును దాచే డాక్టరు ఆ పూజారి కన్నా అన్యాయం. పూజారి దగ్గర ప్లేటు లేదు. ఈయన దగ్గర ఉంది, కళ్లెదుటే ఉంది.

చివరికి ఆయనను కదిలించినది నా వాదం కాదు. "క్రిమి ఎట్లాగూ చెన్నైకి పోతుంది సార్. ప్రోటియస్ అని వాళ్లు రాసి పంపుతారు. వాళ్లు చెప్పేముందు మనమే చెబితే మర్యాద" అన్నాను. ఆయన ఆకుపచ్చ సిరా పెన్ను మూత తీశాడు. "మొదటి రిపోర్టు తప్పు. పరీక్షా ద్రవంలో లోపం వల్ల జరిగింది. వంటమనిషికి వ్యాధికారక క్రిమి లేదు." మూడు వాక్యాలు. ద్రవంలో లోపం కాదు, నా లోపం అని నాలుగోది రాస్తానంటే ఒప్పుకోలేదు.

మామ మనవరాలి టిఫిన్ డబ్బా

కాగితం పంపితే చాలదని తెలుసు. ఫోనులో పోయిన అబద్ధం కాగితంతో తిరిగి రాదు. శనివారం బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. బడిలో తల్లిదండ్రుల కూటం. ముందు వరసలో చెంగల్రాయుడు మామ. ఊళ్లో పెద్దరైతు, మా అమ్మ తరఫున నాకు మామ వరస. మునెమ్మ లోపలికి రాలేదు. వరండాలో స్తంభం పక్కన నిలబడింది.

నేను ఫోనులో రెండు ట్యూబుల ఫోటోలు చూపించాను. ఒకటి పిల్లలది. అడుగున పసుపు. రెండోది మునెమ్మది. అడుగున నలుపు. ఫోను చేతులు మారింది.

"ఏందిమే ఇది, నల్లంగా ఉండేదే గదా చెడ్డది?" అన్నాడు మామ.

"బిడ్డలకు ఒచ్చింది నలుపు లేనిదాంతో మామా. ఈ నలుపు ఊరికే ఉండే క్రిమిది. నీ కడుపులో తీసినా ఇట్లనే రావచ్చు."

"నా కడుపులోనా!"

"డబ్బా ఇచ్చి పోతా. రేపు పొద్దున నింపి పంపు, చూసి చెప్తా."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనక నుంచి ఎవరో "మామకు డబ్బా చాలదు, బకెట్టు ఈయక్కా" అన్నారు. మామ మొహం కందిపోయింది.

"నవ్వండి, నవ్వండి. ఆ యమ్మి వండబట్టినాంకనే బిడ్డలు పడిపోయినారు. అది మాత్రం నిజం."

"రెండేళ్లుగా వండతా ఉంది మామా. సరే, ఒకటి చెప్పు. నీ మనవరాలికి బేదులు అయినాయి గదా?"

"అయినాయి. మూడు దినాలు లేవలే బిడ్డ."

"ఆ పాప మునెమ్మ చేతి అన్నం తినిందా?"

మామ పాప తల్లి వైపు తిరిగాడు. జవాబు ఊరందరికీ తెలుసు. ఆ పాప రెండేళ్లుగా ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తెచ్చుకుంటోంది. మునెమ్మ గరిటె ఆ పళ్లేన్ని ఒక్కనాడూ తాకలేదు.

"తిండి ఇంటిది. నీళ్లు యాడివి?"

"బడి కొళాయివే" అంది పాప తల్లి మెల్లగా.

కూటానికి ముందే, ఆ వారంలోనే కొళాయి నీళ్లు కూడా పరీక్షించాం, ఆ సంగతి వాళ్లకు చెప్పాను. షిగెల్లా దొరకలేదు. నీళ్లలో దాన్ని పట్టుకోవడం కష్టం. కానీ ఈకోలై దొరికింది. మనుషుల, పశువుల పేగుల్లో ఉండే ఆ క్రిమి నీళ్లలో కనబడిందంటే మురుగు కలుస్తోందన్నమాట. బడి వెనక కాలవలో నీళ్ల పైపు కీలు విరిగి ఉంది. ఏ ట్రాక్టరో కాలవ బండల మీదుగా పోయి విరగ్గొట్టింది. ఎవరి ట్రాక్టరని నేను అడగలేదు. అందరూ ఒకేవైపు, మామ కూర్చున్న ముందు వరస వైపు చూశారు.

పంతొమ్మిది మంది పిల్లల్లో టిఫిన్ డబ్బా వాళ్లు ఆరుగురు. ఆరుగురూ మునెమ్మ వంట తినలేదు. ఈ లెక్క వేయడానికి లాబు అక్కర్లేదు. ఇన్‌స్పెక్టరు ఇల్లిల్లూ తిరిగాడు, అడగలేదు. హెడ్‌మాస్టరుకు తెలుసు, చెప్పలేదు. నేను డబ్బాల మీద పేర్లు రాసుకున్నాను, ఆలోచించలేదు. జవాబు ముందే దొరికినవాడికి ప్రశ్న తట్టదు.

వరండాలో

సోమవారం నుంచి మునెమ్మ వంటకు రావచ్చని హెడ్‌మాస్టరు ప్రకటించాడు. జనం లేచారు. మామ నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత అయిదేళ్లు మా ఇంటి ఏ శుభకార్యానికీ రాలేదు. రాకపోతే పోనీ.

పిల్లలారా, మీకు సలహాలు నాలుగు మాటల్లో చెప్పేస్తాను. వాయి మారిన ప్రతిసారీ తెలిసిన క్రిమితో రుచి చూడండి. చివరి ట్యూబు చదవకుండా ఫోను ముట్టకండి. తప్పు దొరికితే తప్పు అనే మాటే రాయండి. ఈ మూడూ పుస్తకాల్లో ఉంటాయి. యంత్రం వచ్చింది, బటన్ నొక్కితే పేరు చెబుతుంది అంటారు. యంత్రానికీ ఈ మూడూ వర్తిస్తాయి. నాలుగోది ఏ పుస్తకంలోనూ లేదు. దాన్ని నాకు మునెమ్మ నేర్పింది.

కూటం ఖాళీ అయ్యాక వరండాలోకి వెళ్లాను. నన్ను క్షమించమన్నాను. యూరియా సంగతి చెప్పాను, ఆడికృత్తిక సీసాల సంగతి చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది. నాకన్నా చిన్నది, మాత్రల దెబ్బకు బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

"ఒకటి అడిగేదా మేడం?"

"అడుగు."

"ఇదే నల్ల ట్యూబు ఆ పెద్దయ్య పెండ్లాముకు ఒచ్చింటే, మీరు ఇంకోతూరి చూసుందురా, లేదా?"

నా దగ్గర ముప్పై సమాధానాలున్నాయి. లాబులో అందరూ సమానమే, డబ్బా మీద ఉండేది నంబరే, కులం ఉండదు. వేదికల మీద ఇంతకన్నా గట్టి ప్రశ్నలకు జవాబు చెప్పినదాన్ని. కానీ ఆ డబ్బా మీద నంబరుతో పాటు పేరూ ఊరూ ఉన్నాయి, నేను చదివాను. చెంగల్రాయుడు మామ భార్య ట్యూబు నల్లబడి ఉంటే, అత్తకు సాల్మొనెల్లా ఏమిటి, ఎక్కడో పొరపాటు జరిగిందని నా మనసుకు తట్టేది. లైసిన్ ట్యూబు పెట్టేదాన్ని. తెలిసిన క్రిమితో యూరియా సరిచూసేదాన్ని. ఆ సాయంత్రం రైలు పోతే పోయిందనుకునేదాన్ని. మునెమ్మ ట్యూబు నల్లబడితే నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆశ్చర్యం కలగలేదు కాబట్టి అనుమానం రాలేదు.

"చూసుందును మునెమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. కోపం లేదు, తృప్తీ లేదు.

"నాకు తెలుసు మేడం. మీరు చెప్తారా, లేదా అని అడిగినా."